కాలిన బోల్టు కూడా ఖంగుమంటుంది

మా నాన్నతో వాదించి గెలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఎలాగైనా గెలవాలని నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాను. ఇద్దరిదీ ఒకటే నోరు, ఒకటే మొండితనం. మధ్యలో నలిగేది అక్క. "మీ ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వేస్తే, సాయంత్రానికి ఆ గోడలే దణ్ణం పెట్టి బయటికొచ్చేస్తాయి" అనేది. కానీ షెడ్డు తగలబడ్డాక మా ఇంట్లో రేగిన గొడవకి అక్క కూడా నవ్వలేదు. ఎందుకంటే ఆ గొడవ అక్క నెత్తి మీద ఉండేదాని గురించి.

షెడ్డు అంటే అక్క పనిచేసే ప్యాకింగ్ షెడ్డు. అందులో సగం మేర ఎత్తుగా ఒక ఇనుప అటక ఉంటుంది. అటక అనగానే ఇంట్లో పాత సామాను విసిరేసేది అనుకునేరు, అది కాదు. లారీలకి లారీలు సరుకు మోసే అంతస్తు అది. దాని కిందే అక్కా, అక్క వరసలోని ఆడవాళ్ళూ బల్లల ముందు నిలబడి పొద్దస్తమానం పెట్టెలు కడతారు. ఆ అటకను మోసేవి ఉక్కు బీములు. ఆ బీముల్ని స్తంభాలకు పట్టి ఉంచేవి బోల్టులు. ఆ బోల్టులన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, బిగించింది మా నాన్న.

నాన్నను బయట అందరూ బోల్టు మేస్త్రి అంటారు. పనైతే మానేశాడు గానీ ఆ పేరు ఆయన్ను వదల్లేదు. ఆయనకొక పద్ధతి ఉంది. బోల్టు బిగించాక చిన్న సుత్తితో దాని తల మీద ఒక్క దెబ్బ కొట్టి, కళ్ళు మూసుకుని వింటాడు. ఖంగుమంటే గట్టిగా పట్టినట్టు. దబ్‌మంటే వదులుగా ఉన్నట్టు. ఖంగుమన్నదాని మీద, బోల్టునీ నట్టునీ బీమునీ కలుపుతూ పసుపు రంగుతో ఒక గీత గీస్తాడు. ఆ గీత పడందే ఆయన ముఠాలో ఎవరూ బీము మీద కాలు పెట్టేవాళ్ళు కాదు. "మేస్త్రి గీత పడిందా?" అని అడిగేవాళ్ళు. పడితే ఇంకో మాట ఉండేది కాదు. నిజం చెప్పాలి కదా, ఆ గీత పడిన బీము ఏనాడూ ఇంతైనా కదల్లేదు.

నేను లోహాలు పరీక్షించే ల్యాబులో ఇంజినీర్ని. ఉక్కు ముక్కల్ని యంత్రంలో పెట్టి, ఎంత లాగితే విరుగుతాయో చూడటం నా పని. "నేను బిగించి బతికాను, ఇది విరగ్గొట్టి బతుకుతోంది" అని నాన్న ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. అందులో వెక్కిరింత ఎంతో మురిపెమూ అంతే.

మంట మధ్యాహ్నం పూట, అందరూ భోజనాలకు బయటికి వెళ్ళిన వేళ అంటుకుంది. ఎవరికీ చిన్న బొబ్బ కూడా లేవలేదు, అదొక్కటే అదృష్టం. అటక కింద అట్టపెట్టెలు, ప్లాస్టిక్ చుట్టలు, బల్లలు అన్నీ బూడిదయ్యాయి. అటక మీద ఆ రోజున్న కొద్దిపాటి సరుకు నీళ్ళకి నాని పాడైపోతే దింపేశారు. అటక మాత్రం ఉన్నచోటే ఉంది. మసి కడిగి చూస్తే బీములు తిన్నగా, వంకర అన్నది లేకుండా ఉన్నాయి.

అది చూసి షెడ్డు మేనేజరు ఎగిరి గంతేశాడు. ఆయన్ను అక్కావాళ్ళు చాటుగా 'పర్లేదు సారు' అంటారు. ఫ్యాను తిరగకపోయినా పర్లేదు, వెనకవైపు తలుపు తెరుచుకోకపోయినా పర్లేదు. "బీములకేం కాలేదు, పర్లేదు. సోమవారం సరుకు ఎక్కించేద్దాం" అన్నాడు. కాగితం కోసం మా ల్యాబుకి కబురు పెట్టాడు. ధైర్యం కోసం మా నాన్నకి కబురు పెట్టాడు.

నేను వెళ్ళేసరికి నాన్న నిచ్చెన మీద ఉన్నాడు. పర్లేదు సారు కింద నిచ్చెన పట్టుకుని, "మెల్లగా మేస్త్రిగారూ, మాకేం తొందర లేదు మేస్త్రిగారూ" అంటున్నాడు. ఆ షెడ్డు కట్టే రోజుల్లో నాన్నను "ఏయ్ మేస్త్రీ" అని పిలిచిన మనిషి ఈయనే. ఆ 'గారూ' ఒక్కటి తగిలించేసరికి మా నాన్న పొంగిపోయాడు. సుత్తితో కొట్టడం, కళ్ళు మూసుకుని వినడం, పసుపు గీత గీయడం. మంటలో పాత గీతలన్నీ మాడిపోయాయి కాబట్టి మొదటి నుంచీ మళ్ళీ గీసుకొస్తున్నాడు. వేడికి వదులైన వాటిని స్పానరుతో బిగించి మరీ గీస్తున్నాడు.

ల్యాబుకి కావలసిన బీము ముక్కలు కోయించుకున్నాను. నా పని అయిపోయింది, వచ్చేయొచ్చు. చేతులు ఊరుకోక, గట్టితనం చూసే చేతి యంత్రాన్ని ఒక బోల్టు తల మీద పెట్టి నొక్కాను. అంకె చూసి యంత్రం పాడైందనుకున్నాను. పక్క బోల్టు మీద నొక్కాను. అదీ అంతే. మంట సోకని చివరకి నడిచి వెళ్ళి అక్కడి బోల్టు మీద నొక్కితే, ఉండాల్సినంత ఉంది. నాన్న నిచ్చెన దగ్గరికి పరిగెత్తాను.

"నాన్నా, దిగు. ఈ బోల్టులు పోయాయి."

"ఎక్కడికి పోయాయే? ఇక్కడే ఉన్నాయి కదా" అన్నాడు పైనుంచి. పర్లేదు సారు పగలబడి నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న జేబులోంచి ఒక బోల్టు తీసి అల్మరాలో అమ్మ ఫోటో పక్కన పెట్టాడు. మంట బాగా తగిలిన బీముది అది. మరలు ఎలా ఉన్నాయో చూద్దామని విప్పి, దాని చోట కొత్తది వేశాడట. "చూడవే, నీ మొగుడు బిగించిన బోల్టు. అంత మంట ఒక్క మరను కూడా చెరపలేకపోయింది" అని అమ్మకి చెప్పాడు. అమ్మ పోయి చాలా కాలమైంది. అయినా నాన్న గొప్పలు ముందుగా చెప్పుకునేది ఆమెకే.

నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోవడం నా జాతకంలో లేదు.

"బీము సంగతి వేరు నాన్నా. అది మామూలు ఉక్కు. కాలినా, చల్లారాక తన బలం చాలావరకు తిరిగి తెచ్చుకుంటుంది. నీ బోల్టు అలా కాదు. దాన్ని తయారుచేసేటప్పుడే ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ కొలిచినంత వేడిలో ఉంచి గట్టి చేస్తారు. ఆ కొలత దాటి మంట తగిలిందా, ఆ గట్టితనం పోతుంది. చల్లారినా తిరిగి రాదు."

"ఖంగుమంటోంది కదే!"

"కాలిన బోల్టు కూడా ఖంగుమంటుంది. నీ సుత్తి బిగువు చెబుతుంది. బలం చెప్పదు."

నాన్న ముఖం మాడిపోయింది. "నా చెవికి వంక పెడుతున్నావా?"

"నీ చెవికి కాదు, మంటకి వంక పెడుతున్నాను."

పళ్ళేలు సర్దుతున్న అక్క మధ్యలో అందుకుంది. "అటక పడలేదు కదే! నిలబడే ఉంది కదా?"

"ఆ రోజు దాని మీద ఉన్నది కొంచెమే, ఇప్పుడు అదీ లేదు కాబట్టి నిలబడింది. సోమవారం నిండా సరుకు ఎక్కిస్తారు. దాని కింద నువ్వు నిలబడతావు."

"నాన్న గీత గీశాడు" అంది అక్క, అక్కడితో మాట అయిపోయినట్టు. "నా వరసలో ఆడవాళ్ళు షెడ్డు ఎప్పుడు తెరుస్తారా అని రోజూ గేటు దాకా వచ్చి చూసి పోతున్నారు. నువ్వు తేలిగ్గా ఒక మాట అనేస్తావు. రేపు వాళ్ళ ముఖం చూడాల్సింది నేను."

మర్నాడు ల్యాబులో నివేదిక రాశాను. బీములు బాగున్నాయని రాశాను, ఎందుకంటే బాగున్నాయి. బోల్టులు పనికిరావనీ, అన్నీ మార్చేదాకా అటక మీద సరుకు పెట్టకూడదనీ రాశాను. మా పెద్దసారు కళ్ళజోడు ముక్కు చివరకి జార్చుకుని చదివి, కింది సగం మీద అడ్డంగా గీత కొట్టాడు.

"వాళ్ళు బీములు పరీక్షించమన్నారు. బోల్టులు పరీక్షించమన్నారా?"

"అనలేదు."

"మరి?"

"కాలు నొప్పని వచ్చినవాడి గుండె ఆగిపోయేలా ఉందని తెలిస్తే చెప్పరా సార్?"

"మనం డాక్టర్లం కాదు. ఆ బోల్టుల గోల తీసేసి సంతకం పెట్టు."

"పెట్టను."

"పెట్టకపోతే?"

"మీరు పెట్టుకోండి. మీ సంతకం కింద మా అక్క నిలబడుతుంది. అది మాత్రం గుర్తుంచుకోండి."

ఆయన పెన్ను మూత తీసి చాలాసేపు పట్టుకున్నాడు. నాకేసి చూశాడు, కిటికీకేసి చూశాడు, చివరికి పెట్టేశాడు. సాయంత్రానికల్లా ఆ కాగితం షెడ్డు గేటుకి అతికించి ఉంది.

నేను తిన్నగా పర్లేదు సారు గదికి వెళ్ళాను. ఆయన కుర్చీలోంచి లేచి మరీ కూర్చోమన్నాడు. "పర్లేదమ్మా, మీ కంగారు నాకర్థమైంది. కానీ మీ ల్యాబు బాగుందంది. మీ నాన్నగారు బాగుందన్నారు. ఆయన గీత చూశాక మా కూలీలు మమ్మల్ని కూడా అడగరు. ఇక మీ ఒక్కరికే ఏమిటమ్మా అభ్యంతరం?"

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఒక సంగతి మాత్రం తలకెక్కింది. నేను గేటు దగ్గర నిలబడి గొంతు చించుకున్నా ఎవరూ వినరు. నాన్న పసుపు గీత బోల్టు మీద ఉన్నంతవరకూ నా చదువు, నా యంత్రం, నా అరుపు ఎందుకూ పనికిరావు. తాడో పేడో తేల్చుకోవాల్సింది పర్లేదు సారుతో కాదు, మా నాన్నతో.

ఇంటికి వస్తూనే అల్మరా దగ్గరికి వెళ్ళి బోల్టు మీద చెయ్యి వేశాను.

"ఏయ్! ఎక్కడ పెడుతున్నావ్ చెయ్యి?" నాన్న కుర్చీలోంచి లేచాడు.

"దీన్ని యంత్రంలో పెట్టి లాగి చూస్తాను."

"ఆఁ, తీసుకెళ్ళి ఇంకేదో లాగి, విరగ్గొట్టి తెచ్చి, ఇదే అదని చెబుతావు. నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా?"

"అయితే నువ్వే పట్టుకురా. నీ చేత్తో నువ్వే యంత్రంలో పెట్టు. ఇదే రకం కొత్త బోల్టు ఒకటి పక్కన పెట్టి లాగుదాం. రెండూ ఒకే బలం దగ్గర విరిగితే, ఈ జన్మలో నీ బోల్టుల జోలికి రాను."

"నాది ముందు విరిగితే?"

"అప్పుడేం చెయ్యాలో నువ్వే చెప్పు."

నాన్న నా చేతిలోంచి బోల్టు లాక్కున్నాడు. "వస్తానే. భయపడతాననుకున్నావా? అంత గట్టి బోల్టు నీ యంత్రాన్నే విరగ్గొడుతుంది చూడు."

శనివారం మధ్యాహ్నం ల్యాబులో అందరూ వెళ్ళిపోయాక రమ్మన్నాను. పెద్దసార్ని అడగలేదు. అడిగితే ఒప్పుకోడని తెలిసినప్పుడు అడగడం ఎందుకు? నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని, బోల్టును రుమాల్లో చుట్టుకుని వచ్చాడు. పెద్ద లాగుడు యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, దాని కాళ్ళని నేలకు పట్టి ఉంచిన బోల్టుల్ని బూటుతో తట్టి చూశాడు. "ఎవడు బిగించాడే వీటిని? పర్లేదు" అన్నాడు. ఆ మాట విని నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

ముందు కొత్త బోల్టు పెట్టాను. నాన్న కళ్ళు మూసుకున్నాడు. యంత్రం లాగడం మొదలుపెట్టింది. గడియారం లాంటి పలక మీద నల్ల ముల్లు, ఎర్ర ముల్లును నెట్టుకుంటూ పైకి, ఇంకా పైకి పోయింది. ఢామ్మని విరిగింది. గది అదిరి, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నల్ల ముల్లు కిందికి పడిపోయింది. ఎర్ర ముల్లు మాత్రం ఆ ఎత్తులోనే ఆగింది.

"అదీ బోల్టంటే! అరిచి మరీ విరిగింది" అన్నాడు నాన్న, కళ్ళు తెరవకుండానే. ఎర్ర ముల్లు ఎంత ఎత్తులో ఆగిందో పలక మీద సుద్దతో గుర్తు పెట్టి, ముల్లును మళ్ళీ సున్నా దగ్గరికి తిప్పాను.

తరవాత నాన్న రుమాలు విప్పాడు. తన చేత్తోనే బోల్టును అమర్చి, తన చేత్తోనే పట్టు బిగించి, పక్కకి జరిగి కళ్ళు మూసుకున్నాడు. ముల్లు బయల్దేరింది. సుద్ద గుర్తుకి సగం దూరం దాటి కాస్త పైకి వెళ్ళి నిలబడిపోయింది. యంత్రం లాగుతూనే ఉంది, ముల్లు మాత్రం ఎక్కడం లేదు. బోల్టు నడుము సాగుతోంది, సన్నబడుతోంది. నేను చూడలేక నాన్న ముఖంకేసి చూశాను. ఆయన తల కొంచెం పక్కకి వంచి వింటున్నాడు.

'టుక్'మంది. అంతే. పక్క గదిలో ఎవరో చెంచా కింద పెట్టినట్టు.

నాన్న కళ్ళు తెరవలేదు. "ఊఁ, కానీ" అన్నాడు.

"అయిపోయింది నాన్నా. విరిగింది."

"ఇంకోసారి."

"ఇంకోసారి ఎక్కడుంది నాన్నా? విరిగిపోయింది."

అప్పుడు కళ్ళు తెరిచాడు. రెండు ముక్కలూ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. సాగి సాగి విరిగినందుకు అవి ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఎర్ర ముల్లుకేసి చూశాడు, సుద్ద గుర్తుకేసి చూశాడు. అరుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి మా నాన్న మీద గెలిచాను, నాకు ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని పెద్దసారు వచ్చాడు, మర్చిపోయిన కళ్ళజోడు కోసం. యంత్రం, పలక మీద సుద్ద గుర్తు, దానికి ఎంతో కింద ఆగిన ముల్లు, అన్నీ చూశాడు. ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

"ఎవరిది ఈ సాంపిలు?"

"నాది" అన్నాడు నాన్న.

"మీరెవరు?"

"దీన్ని బిగించినవాణ్ణి. బాగుందని గీత గీసినవాణ్ణి."

పెద్దసారు నీళ్ళు నమిలాడు. "ఇది మన లెక్కలోకి రాదు. నేనివాళ ఇక్కడికి రాలేదనుకో" అని నాతో చెప్పి గబగబా వెళ్ళిపోయాడు. కళ్ళజోడు మళ్ళీ బల్ల మీదే వదిలేసి పోయాడు.

ఆదివారం నాన్న ముద్ద ముట్టలేదు. కిటికీ పక్కన కూర్చుని సుత్తితో తన మోకాలి మీద మెల్లగా కొట్టుకుంటూ ఉన్నాడు. అక్క నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళింది.

"ఏం సాధించావే? ఆయన్ను చూడు, ఎలా అయిపోయాడో! ఎవడో మేనేజరు ముందు కాదు, నీ ముందు తల దించుకున్నాడు. సంతోషమా?"

"సంతోషం కాదక్కా. నువ్వు రేపు వెళ్ళకు. నాకు అదొక్కటే కావాలి."

"ఇన్నేళ్ళూ నాన్న గీత కిందే నిలబడ్డాను. ఒక్కసారైనా తలెత్తి పైకి చూడలేదు. రేపు నేను వెళ్ళకపోతే, ఆయన్ను నేను కూడా కాదన్నట్టే కదే! నువ్వు కాదన్నదానికే అలా కూర్చున్నాడు. నేను కూడానా?"

 భయమైతే ఆమెను ఆపగలిగేదాన్ని. అది ప్రేమ. ప్రేమ మీద ఏ యంత్రం పెట్టి నొక్కను?

సోమవారం లేచేసరికి నాన్న ఇంట్లో లేడు. ఆయన పనిసంచీ లేదు. శనివారం రాత్రి అల్మరాలో అమ్మ ఫోటో పక్కన పెట్టిన బోల్టు ముక్కలు రెండూ లేవు. అక్క జడ చుట్టుకుని, డబ్బా పట్టుకుని బయల్దేరింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో."

"తప్పుకోను. నన్ను తోసుకుని వెళ్ళు."

తోసేసింది. మా అక్క చేతుల్లో అంత బలం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. గోడకి తగిలి, తమాయించుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెనకాలే పరిగెత్తాను.

షెడ్డు ముందు లారీ ఆగి ఉంది. కూలీలు పెట్టెలు భుజాన పెట్టుకుని లోపల మెట్ల దగ్గర నిలబడిపోయారు. ఆడవాళ్ళంతా తలుపు దగ్గర గుమిగూడారు. అందరూ తలెత్తి పైకి చూస్తున్నారు.

అటక కింద నిచ్చెన మీద మా నాన్న. నడుముకి ఎర్ర రంగు డబ్బా కట్టుకున్నాడు. ఒక్కో బోల్టు దగ్గర ఆగి, తను గీసిన పసుపు గీత మీద ఎర్రగా అడ్డం కొట్టేస్తున్నాడు. సుత్తి లేదు, వినడం లేదు. కొట్టేయడమే. చొక్కా నిండా ఎర్ర చుక్కలు. ఈసారి పర్లేదు సారు నిచ్చెన పట్టుకోలేదు. దూరంగా నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

"ఏమిటిది మేస్త్రీ? నువ్వేగా బాగున్నాయన్నావ్?"

'గారూ' ఎగిరిపోయిందని నేను గమనించాను. నాన్న కూడా గమనించే ఉంటాడు.

"అన్నాను."

"గీత గీసింది నువ్వేగా?"

"నేనే గీశాను. అందుకే కొట్టేసేది కూడా నేనే. నా గీత మీద ఇంకొకడెవడైనా చెయ్యి వేస్తే ఊరుకుంటానా?"

"నీకు చెవి మందగించింది. దిగు ముందు!"

"నా చెవి శుభ్రంగా ఉంది" అన్నాడు నాన్న. జేబులోంచి రెండు ముక్కలు తీసి పర్లేదు సారు కాళ్ళ దగ్గరికి విసిరాడు. "శనివారం విన్నాను. కొత్త బోల్టు విరిగితే గది అదిరిపోయింది. నేను నీకు బాగుందని చెప్పిన బోల్టు విరిగితే పక్కన నిలబడ్డవాడికి కూడా సరిగ్గా వినపడలేదు. మా చిన్నది ముందే చెప్పింది, నేను వినలేదు. ఊరంతా వింటుందని నా చెవి గురించి గొప్పలు పోయి, కన్నకూతురి మాట వినలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, అందరూ వినండి. ఈ అటకకి బోల్టు మేస్త్రి గీత లేదు!"

 మెట్ల దగ్గర ఒక కూలీ భుజం మీది పెట్టె మెల్లగా కింద పెట్టాడు. "మేస్త్రి గీత లేదంట సార్" అన్నాడు. అతని వెనకవాడూ పెట్టాడు.

"ఆయన మాటలకేం, పర్లేదు, మీరు ఎక్కించండి! ఎక్కించనివాడికి రేపటి నుంచి పని లేదు. ప్యాకింగ్ వాళ్ళకీ అంతే! లోపలికి రండి!"

అప్పుడు మా అక్క కదిలింది. జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్ళి అటక కింద, తను రోజూ నిలబడే చోట నిలబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తలెత్తి పైకి చూసింది. నాన్న ఎర్ర రంగు చుక్కలు ఆమె నుదుటి పక్కగా నేల మీద పడుతున్నాయి.

"పర్లేదంటారా సార్?" అంది.

"పర్లేదు, చెబుతున్నానుగా!"

"అయితే మీ బల్లా కుర్చీ తెచ్చి ఇక్కడ వేయించండి. ఇదిగో, నా చోటు మీకిస్తాను. మీరు వచ్చి కూర్చోండి. మీరు కూర్చున్నాక వీళ్ళు సరుకు ఎక్కిస్తారు. ఏమ్మా, సరేనా?" ఆడవాళ్ళు సరేనన్నారు. కూలీలు కూడా సరేనన్నారు, కొందరు నవ్వుతూ.

పర్లేదు సారు నోరు తెరిచాడు. తలెత్తి అటకకేసి చూశాడు. వరసగా ఎర్ర గీతలు. చూసి, తనకి తెలియకుండానే, ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగు అందరూ చూశారు.  అక్క బయటికి వచ్చి గేటు ముందు ఎండలో చతికిలబడింది. ఆమె వరసంతా ఆమె పక్కన కూర్చుంది. లారీ డ్రైవరు కాసేపు హారన్ కొట్టి, అదీ మానేసి, కిందికి దిగి వాళ్ళ దగ్గర మంచినీళ్ళు అడిగి తాగాడు.

పనికి ఎప్పుడు పిలుస్తారో తెలియని రోజులు గడిచాయి. అక్క వరసలో కొందరు నన్ను తిట్టారు కూడా, అబద్ధం ఎందుకు? నేనూ ఊరుకోలేదు, మాటకు మాట అన్నాను. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసుకుని, అనుమతి లేకుండా యంత్రం ముట్టుకున్నందుకు నానా మాటలూ అన్నాడు. అన్నీ అయ్యాక కొత్త నివేదిక నా ముందుకు తోశాడు. తను కొట్టేసిన కింది సగం అందులో తిరిగి వచ్చింది. "ఇప్పుడైనా పెడతావా సంతకం?" అన్నాడు. పెట్టాను. షెడ్డువాళ్ళు చివరికి అటక కింద ఆసరాలు నిలబెట్టించి, కొత్త బోల్టులు తెప్పించారు. బిగించడానికి ఎవరినో పిలుస్తామన్నారు. నాన్న ఊరుకుంటాడా? పాత ముఠాని వెంటేసుకుని వాళ్ళకంటే ముందే గేటు దగ్గర నిలబడ్డాడు.

మొదటి బోల్టు బిగించే రోజు నేనూ వెళ్ళాను. అక్క నిచ్చెన పట్టుకుంది. నాన్న స్పానరుతో బిగించి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, కళ్ళు మూసుకున్నాడు. ఖంగుమని షెడ్డంతా మోగింది. కుంచె పసుపు రంగులో ముంచాడు. ముంచి, అలాగే గాల్లో పట్టుకుని కిందికి చూశాడు.

"ఏం చూస్తున్నావే అక్కడ నిలబడి? నీ యంత్రం తీసుకుని పైకి ఎక్కు. నొక్కి చూడు."

"ఖంగుమందిగా నాన్నా?"

"కాలింది కూడా ఖంగుమంది. ఎక్కవే!"

పక్క నిచ్చెన ఎక్కి బోల్టు తల మీద యంత్రం పెట్టి నొక్కాను. ఉండాల్సినంత ఉంది. "బాగుంది" అన్నాను.

కుంచె కదల్లేదు. రంగు బొట్టు బొట్టుగా ఆయన మణికట్టు మీద పడుతోంది.

"ఇంకోసారి నొక్కు."

"ఒక్కొక్కటీ ఇలా రెండేసి సార్లు చూస్తే ఎప్పటికి అవుతుంది నాన్నా? అటు చివర దాకా ఉన్నాయి!"

"ఉంటే ఉండనీ. కింద నిలబడేది నా కూతురు."

ఆ మాటకి నేను ఎదురు చెప్పలేదు. ఇంకోసారి నొక్కాను. అప్పుడు గీశాడు గీత.